చేతి కొలత

ఆయుధం గురించి మనం మాట్లాడుకున్నప్పుడల్లా రెండే ప్రశ్నలు ముందుకొస్తాయి. స్త్రీ ఆయుధం పట్టాలా వద్దా? పడితే ఎవరి మీద? వీటి మీద మన పత్రికల్లో, సభల్లో చాలా వాదించుకున్నాం. మూడో ప్రశ్న ఒకటుందని నాకు ఈమధ్యనే తెలిసొచ్చింది. ఆయుధాన్ని మన చేతికి సరిపోయేలా మనమే మార్చుకుంటే ఏం జరుగుతుంది? అలా మార్చాక అది ఇంకెవరి చేతికి సరిపోతుంది?

ఇది ఊహల్లోంచి వచ్చిన ప్రశ్న కాదు. నేను టెక్సాస్‌లో, డాలస్‌కి దగ్గర్లో ఉంటాను. మా అక్క కూతురు ఏడాదిగా నా దగ్గరే ఉంటోంది. ఆరేళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని, రెండు సూట్‌కేసులతో భర్త ఇంట్లోంచి వచ్చేసింది. అతను ఆమె దరిదాపుల్లోకి రాకూడదని కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. అతని దగ్గర తుపాకులున్నాయి. అలాంటి ఉత్తర్వు ఉన్నవాడి దగ్గర తుపాకి ఉండకూడదన్న చట్టం సబబేనని అమెరికా సుప్రీంకోర్టు 2024లో రహీమీ కేసులో తీర్పు చెప్పింది. తొమ్మిది మంది జడ్జీల్లో ఎనిమిది మంది ఒప్పుకున్నారు. ఆ కేసు పుట్టింది మా టెక్సాస్‌లోనే. కానీ తీర్పు రావడం వేరు, అతని అలమారలోంచి తుపాకి బయటికి రావడం వేరు. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరాన్ని చూసే మా అమ్మాయి ఒక గ్లాక్ 19 కొనుక్కుంది. ఆమెకి పౌరసత్వం ఉంది కాబట్టి చట్టం అడ్డు చెప్పలేదు.

కొన్నాక తెలిసింది అది ఆమె చేతికి పట్టదని.

దీనికో చరిత్ర ఉంది. గాస్టన్ గ్లాక్ అనే ఆయన అంతకుముందు కర్టెన్ రాడ్లూ కత్తులూ తయారు చేసేవాడు. ఆస్ట్రియా సైన్యానికి కొత్త పిస్తోలు కావలసొస్తే తయారుచేసి ఇచ్చాడు. 1982లో సైన్యం దాన్ని తీసుకుంది. అది గ్లాక్ 17. అంటే సైనికుడి చేతి కోసం పుట్టిన వస్తువు. 1988లో దాన్నే పొట్టిగా చేసి 19 అన్నారు, 'కాంపాక్ట్' అన్నారు. గొట్టం పొట్టిదయింది, పిడి పొట్టిదయింది. పిడి చుట్టుకొలత మాత్రం అలాగే ఉంది. మగవాళ్ల చొక్కాని కింద కత్తిరించి ఆడవాళ్ల జాకెట్టని అమ్మినట్టు. 2010 నుంచి పిడి వెనక తగిలించుకునే పలకలు ఇస్తున్నారు గానీ, అవి వేసుకుంటే పిడి లావవుతుంది తప్ప సన్నబడదు. మా అమ్మాయి పట్టుకుంటే చూపుడువేలి కొస మాత్రమే ట్రిగ్గరుకి ఆనుతుంది. వేలు సాగదీసి నొక్కేసరికి మణికట్టు తిరుగుతుంది, గుండు గురికి పక్కగా పోతుంది. స్లైడు వెనక్కి లాగడానికి రెండు చేతులూ వణుకుతాయి. షూటింగ్ రేంజిలో నేర్పేవాళ్లలో ఒకతను, "మీ వాళ్లకి చేతుల్లో బలం ఉండదండీ, రివాల్వరు తీసుకోండి" అన్నాడట. మీ వాళ్లంటే ఆడవాళ్లా, ఇండియన్లా అని అడగలేదా అన్నాను. "అడిగి మళ్లీ ఇంకో పాఠం వినమంటావా పిన్నీ" అంది.

అప్పుడు మొదలైంది ఈ మార్పుల పని. ఇక్కడి చట్టంలో ఒక వింత ఉంది. తుపాకి అంటే నంబరు చెక్కిన ఫ్రేము ఒక్కటే. దాన్ని దుకాణంలో కొనాలంటే గుర్తింపు కార్డు చూపించి, ఫారం నింపాలి, మామూలుగా ఫెడరల్ తనిఖీ కూడా ఉంటుంది. గొట్టం, స్లైడు, ట్రిగ్గరు, స్ప్రింగులు మాత్రం చట్టం దృష్టిలో విడి సామాను. బ్లౌజు పీసు తెప్పించుకున్నంత సులువుగా పోస్టులో ఇంటికొస్తాయి. 2018లో వచ్చిన సిగ్ పి365 అనే చిన్న పిస్తోలులో అయితే చేత్తో పట్టుకునే పిడి కూడా తుపాకి కాదు, లోపలుండే గుప్పెడంత ఇనప సరంజామా ఒక్కటే తుపాకి. మనిషి చెయ్యి తాకే భాగాలేవీ ఆయుధం కావు అనే ఈ నిర్వచనం గురించి తత్వశాస్త్రం చదివినవాళ్లెవరైనా రాస్తే బావుండును.

పార్సిళ్లు వచ్చాయి. పిడిని సన్నగా అరగదీయడానికి పనికొచ్చే సామాను, చీకట్లో పచ్చగా మెరిసే ముందు గురి, స్లైడు వెనక పట్టు దొరికేలా ఒక చిన్న రెక్క, వేలికి దగ్గరగా వచ్చే చదును ట్రిగ్గరు. వాటితోపాటు కనెక్టరు అనే గోరంత లోహపు రేకు. దీని సంగతి తర్వాత చెప్తాను.

ఆ పని చేస్తూ ఆమె ముఖంలో నేను చూసింది భయం కాదు, ఆనందం. ముందు గుళ్లు తీసి పక్క గదిలో పెట్టి, గొట్టం ఖాళీయేనని రెండుసార్లు చూసి, పంచ్ పెట్టి పిన్నులు ఒక్కొక్కటే కొట్టి, భాగాలన్నీ డైనింగ్ టేబుల్ మీద పరిచిన పాత దుప్పటి మీద వరసగా పేర్చింది. మా ఇళ్లల్లో మిక్సీ పాడైతే, ఇస్త్రీపెట్టె పాడైతే విప్పేది ఎవరు? నాన్నో, అన్నయ్యో. మనం టార్చి లైటు పట్టుకుని పక్కన నిలబడేవాళ్లం. వస్తువు లోపల ఏముందో తెలియకుండా దానితో జీవితాంతం పని చెయ్యడమే ఆడవాళ్ల వాటాకి వచ్చింది. ముప్ఫయ్యారేళ్ల వయసులో మొదటిసారి ఒక యంత్రాన్ని తానే విప్పి తానే బిగించింది. అది తుపాకి కావడం నాకు బాధగా ఉన్నా, ఆ ఆనందం అబద్ధం కాదు.

ఎందుకంటే మార్కెట్టు ఆడవాళ్లకి 'సరిపోయేలా' చేస్తానన్నప్పుడు సాధారణంగా చేసేది వేరు. స్మిత్ అండ్ వెసన్ కంపెనీ 1989లో లేడీస్మిత్ అని ప్రత్యేకంగా ఆడవాళ్ల కోసం రివాల్వర్లు తెచ్చి ఆడవాళ్ల భయాన్నే సరుకు చేసుకుందని విమర్శలు తెచ్చుకుంది. మన దగ్గర ఢిల్లీ ఘటన తర్వాత కాన్పూరు ఆయుధ కర్మాగారం 2014లో 'నిర్భీక్' అనే తేలికపాటి రివాల్వరు తెచ్చింది. చనిపోయిన పిల్లకి దేశం పెట్టుకున్న పేరుని గుర్తుచేసే పేరు, లక్షా ఇరవై వేలు దాటిన ధర, నగల పెట్టెలాంటి పెట్టె. బస్సులో వెళ్లే అమ్మాయి కోసమని చెప్పి కారులో వెళ్లే ఆవిడకి అమ్మారు. రంగు మారుస్తారు, పేరు మారుస్తారు, పెట్టె మారుస్తారు. తన చేతిని తానే కొలుచుకుని పిడి అరగదీసుకున్న స్త్రీ ఈ కొనుగోలుదారుల వరసలో నిలబడదు. ప్రపంచం మగ కొలతలతో తయారైందని మనం చెబుతూ వస్తున్నాం కదా, గట్టు ఎత్తు నుంచి కారు సీటు దాకా. కొలత మార్చే హక్కు మాదేనన్నాం కదా. అక్కడిదాకా నేను ఆమెతోనే ఉన్నాను.

ఇప్పుడు కనెక్టరు సంగతి. ట్రిగ్గరు నొక్కడానికి కావలసిన బలాన్ని అది తగ్గిస్తుంది. గ్లాక్ ట్రిగ్గరుకి మామూలుగా రెండున్నర కిలోల బరువు లాగినంత బలం కావాలి. ఈ రేకు మారిస్తే కిలో దాకా తగ్గుతుందని అమ్మేవాళ్ల మాట. గ్లాక్‌కి విడిగా వేసి తీసే సేఫ్టీ మీట ఉండదు. ట్రిగ్గరు మధ్యలో చిన్న నాలుకలాంటిది ఉంటుంది, ట్రిగ్గరుతో పాటే అదీ నొక్కుకుపోతుంది. అంటే ఆ రెండున్నర కిలోలే చివరి గడప.

1995లో అమెరికా పిల్లల వైద్యుల పత్రిక ఒకదానిలో ఒక పరిశోధన వచ్చింది. దాని శీర్షికే నన్ను ఆపేసింది: పిల్లలూ ఆడవాళ్లూ తుపాకి పేల్చగల శక్తి గురించి. ట్రిగ్గరుని ఎంత బిగువుగా పెడితే పిల్లలు పేల్చలేరు, ఆడవాళ్లు పేల్చగలరు అన్నదే అందులో ప్రశ్న. రెండు చూపుడువేళ్లు కలిపి నొక్కితే నాలుగున్నర కిలోల బిగువుని మూడు నాలుగేళ్ల పిల్లల్లో నూటికి 25 మంది, అయిదారేళ్ల వాళ్లలో 70 మంది, ఏడెనిమిదేళ్ల వాళ్లలో 90 మంది నొక్కగలిగారు. నాలుగున్నర కిలోలు! మా టేబుల్ మీద ఉన్నది అందులో సగం చిల్లర. ఈ లెక్క కొత్తదేమీ కాదు. అదే స్మిత్ అండ్ వెసన్ 1887లో పిడిని గట్టిగా పిండితే తప్ప పేలని రివాల్వరు తెచ్చి, ఎనిమిదేళ్లలోపు పిల్లలు దాన్ని పేల్చలేరని చెప్పుకుంది.

నాకు తట్టింది ఇది. మగ కొలతకి ఎదురుగా 'మన కొలత' అని ఒకటి విడిగా నిలబడి ఉన్నట్టు మాట్లాడుతూ వచ్చాం. వంటగట్టు విషయంలో అది చెల్లుతుంది. ఆయుధం దగ్గర చెల్లదు. బలం లెక్కలో ఆడదాని చెయ్యి మగవాడి చేతికీ పిల్ల చేతికీ మధ్యలో ఉంది. నా కోసం తగ్గించిన ప్రతి వంద గ్రాములూ ఆ పిల్ల కోసం కూడా తగ్గించినట్టే. నాకు తేలిగ్గా లాగుడుపడేది లాక్కున్నవాడికీ తేలికే. దగ్గరి మగవాడి చేతుల్లో హింసకి గురైన స్త్రీల గురించి 2003లో వచ్చిన అధ్యయనంలో, అతనికి తుపాకి అందుబాటులో ఉంటే ఆమె హత్యకి గురయ్యే ప్రమాదం అయిదు రెట్లని తేలింది. 2020లో కాలిఫోర్నియా లెక్కలు చూశారు. చేతి తుపాకి సొంతంగా ఉన్న స్త్రీలు తుపాకితో ఆత్మహత్య చేసుకోవడం, లేనివాళ్లకంటే 35 రెట్లు ఎక్కువ. చేతికి సరిపోయిన వస్తువు ఆ చేతి మీదికే తిరుగుతుంది.

ఇదంతా ఆమెకి చెప్పాను. చాలాసేపు విని, "నీ లెక్కల్లో అతని తుపాకులు ఉన్నాయా పిన్నీ? తుపాకి లేని ఇల్లు, ఉన్న ఇల్లు అంటున్నావు. నాకు లేని ఇల్లు ఎప్పుడుంది?" అంది. తర్వాత ఇంకోటి కూడా అంది, దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. బిగువు ట్రిగ్గరుతో గురి తప్పితే ఆ గుండు ఎక్కడికి పోతుంది? ఈ ఊళ్లో గోడలు ఇటుకలవి కావు. పక్కింటి వాళ్ల పడగ్గదిలోకి పోతుంది. గురి తప్పకపోవడం కూడా నీతే కదా?

కత్తిపీట గుర్తొచ్చింది నాకు. మా అమ్మమ్మ కత్తిపీట పీట ఆమె కూర్చునే తీరుకి అరిగిపోయి ఉండేది. వేరే ఎవరు కూర్చున్నా అది కుదిరేది కాదు. పని అవగానే దాన్ని పక్కకి పడుకోబెట్టి, అంచు గోడవైపు తిప్పి, పైన చాట బోర్లించేది. ఇంట్లో పాకే పిల్ల ఉందా లేదా అని చూసుకునేది కాదు, ఎప్పుడూ అంతే. వస్తువుని తన ఒంటికి అమర్చుకోవడం, దాన్ని ఇంకొకరికి కుదరకుండా ఉంచడం ఆమెకి ఒకే పని. తుపాకికి అలా అరగడం తెలియదు. అది అందరికీ ఒకేలా తేలికవుతుంది.

తెలంగాణ పోరాటంలో తుపాకి పట్టిన స్త్రీలని తలుచుకోకుండా మనం ఈ విషయం మాట్లాడలేం. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివినప్పుడు నేను విద్యార్థిని. తుపాకి శిక్షణ గురించి వాళ్లు చెప్పిన మాటలే అప్పుడు నా మనసుకి పట్టాయి. ఇప్పుడు మళ్లీ తీసి చూస్తే, కన్నబిడ్డని దళం కోసం వేరేవాళ్లకి ఇచ్చెయ్యాల్సి వచ్చిన ఆమె మాటల దగ్గర ఆగిపోయాను. అక్కడ తుపాకీ బిడ్డా ఒకచోట ఉండలేదు. బిడ్డే వెళ్లిపోవలసి వచ్చింది. మా ఇంట్లో రెండూ ఒకే కప్పు కింద ఉన్నాయి, ఒకదాని కోసమే ఇంకొకటి వచ్చింది.

చివరికి పిడి అరగదీసింది. ముందు గురి మార్చింది. రెక్క బిగించింది. చదును ట్రిగ్గరు కూడా వేసింది, దానివల్ల వేలు అందుతుంది గానీ బిగువు తగ్గదు. వేలిముద్రతో తెరుచుకునే ఇనప పెట్టెని మంచం చట్రానికి బోల్టులతో బిగించాం. పదిహేడేళ్లలోపు పిల్లలకి గుళ్లు నిండిన తుపాకి అందేలా వదిలెయ్యడం టెక్సాస్‌లో నేరం, పెట్టెకి అదొక్కటే కారణం కాదనుకోండి. నా వాదన ఇది: పట్టు కుదిరేలా, గురి కనబడేలా చేసే మార్పులు ఆమెని ఆయుధానికి యజమానిని చేస్తాయి. బిగువు తగ్గించడం ఆమెకీ ఆ పనికీ మధ్య ఉన్న క్షణాన్ని తగ్గిస్తుంది. ఆమె ఇది ఒప్పుకోలేదు. ఆ క్షణంలో తను ఆలోచిస్తుంటే అతను ఆలోచిస్తూ నిలబడడు అంటుంది. ఈ విభజన అంత శుభ్రంగా లేదని నాకూ తెలుసు.

కనెక్టరు ఇంకా దాని కవర్లోనే, ఫ్రిజ్ మీద మందుల డబ్బాలో ఉంది. వాదన నెలకోసారైనా వస్తుంది. కోర్టు ఉత్తర్వు గడువు రెండేళ్లు, అందులో ఏడాది అయిపోయింది. పాపకి ఈ ఉగాదికి ఏడేళ్లు నిండుతాయి.