వేలెడంత చోటు

సాధ్ సంగత్ జీ, పోర్ట్ బ్లెయిర్ గురుద్వారాలో దీవాన్ ముగిశాక మన బిరాదరీ తమ్ముడొకడు జోడాఘర్ దగ్గరే కూర్చుండిపోయాడు. వడ్డీ అప్పు, కూతురి ఫీజు, తల్లికి ఆపరేషన్, రెండు నెలలుగా వెలిగించని కొలిమి. "వీర్‌జీ, ఏది ముందు చేయాలో తెలియక ఏదీ చేయడం లేదు. నిత్‌నేమ్ కూడా మానేశాను. గురువు ముందుకు రావడానికి ముఖం చెల్లడం లేదు" అన్నాడు.

నేనూ అలా కూర్చున్నవాణ్ణే. డిగ్రీ పరీక్షలు, గ్రంథీ శిక్షణ ఒకేసారి మీద పడితే మూడు వారాలు పుస్తకమే తెరవలేదు. అందుకే ఉపదేశం చెయ్యలేదు. తుప్పు పట్టిన కత్తి వస్తే ఏం చేస్తావని అడిగాను. నవ్వాడు. "వేలెడంత చోటు తెల్లబడేదాకా రుద్ది, పక్కకి జరుగుతాను." మన పెద్దలు గురువుల ఆయుధాలకు మెరుగు పెట్టిందీ అలాగే కదా! సైకల్ అంటే మెరుగు. మన పేరులోనే ఆ పని ఉంది.

ఈ ఊళ్ళోనే డాక్టర్ దీవాన్ సింగ్ ఉండేవారు. 'కాలేపానీ' అన్నది ఆయన పేరుకే అతుక్కుపోయింది. 1942 మార్చిలో జపాన్ సైన్యం దిగింది. దీవులన్నిటినీ కాపాడటం ఒక్క వైద్యుడి వల్ల అయ్యేది కాదు. ఆయన రోగులను చూశారు, పిల్లలకు చదువు చెప్పారు. గురుద్వారాను తమ వాడకానికి ఇమ్మని సైన్యం అడిగితే ఇవ్వనన్నారు. 1943 అక్టోబరులో పట్టుకుపోయి సెల్యులార్ జైల్లో హింసించారు. 1944 జనవరి 14న ప్రాణం విడిచారు. ఆ త్యాగాన్ని మన అప్పులతో పోల్చడం తప్పు. తన చేతిలో ఉన్న తలుపును ఆయన చిన్నదని వదిలెయ్యలేదు, నేను చెప్పేది అంతే.

గోయింద్వాల్‌లో గురు అమర్‌దాస్ జీ కట్టించిన బావోలికి 84 మెట్లు. ఒక్కో మెట్టు మీద ఒక జప్‌జీ సాహిబ్ పాఠం చేసే ఆచారం ఉంది. 84 పాఠాలంటే గుండె జారుతుంది. మెట్టు మీద కూర్చున్నవాడికి మాత్రం ఎప్పుడూ ఒక్క పాఠమే.

తమ్ముడికి రేపటి ఒక్క రోజుకే కాగితం రాశాం. అమృతవేళ మూల్ మంత్రం ఐదుసార్లు. కొలిమి ఊడ్వడం, నిప్పు వద్దు. అప్పిచ్చినవాడికి ఫోన్ చేసి అసలెంత మిగిలిందో కనుక్కోవడం. ఆపరేషన్ ఖర్చు మాత్రం ఒక్కడి భుజం మీద మోసేది కాదు. సంగత్‌తో చెప్పాలి. దస్వంద్ ఉన్నది ఇలాంటివాటికే, సిగ్గెందుకు?

లేచేసరికి ఎదురుగా సంగత్ జోళ్ళు చెల్లాచెదురుగా ఉన్నాయి. ఇద్దరం కూర్చుని జతలు కలిపాం. తర్వాత అతను లంగర్‌లో రెండు రొట్టెలు తిన్నాడు.

మూడో రోజు ఫోన్ చేశాడు. కొలిమి ఊడ్చాడట. అప్పిచ్చినవాడికి ఇంకా ఫోన్ చెయ్యలేదట, రేపు చేస్తానన్నాడు.

వాహెగురు జీ కా ఖాల్సా, వాహెగురు జీ కీ ఫతెహ్.