మైనాకుడు, సురస: హనుమ దాటిన రెండు పరీక్షలు

సుందరకాండలో సముద్ర లంఘనం మనందరికీ తెలిసిందే. అందులో రెండు ఘట్టాలు మన రోజువారీ జీవితానికి బాగా పనికొస్తాయి.

100 యోజనాల సముద్రం. మధ్యలో మైనాకుడు పైకి లేచి, కాసేపు ఆగి పళ్లు తిని వెళ్లమంటాడు. అతను శత్రువు కాదు, వాయుదేవుడు చేసిన మేలు మరచిపోని మిత్రుడు. అయినా హనుమ అతన్ని చేత్తో తాకి, మర్యాదగా చెప్పి సాగిపోతాడు. మన సాధనకి అడ్డొచ్చేది కూడా ప్రతిసారీ చెడ్డపనే కానక్కర్లేదు. "ఇవాళ అలసిపోయావు, జపం రేపు చేద్దువులే" అనే మంచి మాట కూడా మనల్ని ఆపేస్తుంది.

తర్వాత సురస. తన నోట్లోకి వెళ్లక తప్పదంటుంది. హనుమ పెరిగేకొద్దీ ఆమె నోరు పెంచుతుంది. ఆయన 90 యోజనాలైతే ఆమె నోరు 100. అప్పుడాయన బొటనవేలంత అయిపోయి, లోపలికి వెళ్లి బయటికొచ్చి, నమస్కరిస్తాడు. ఆమె మాటా నిలిచింది, రాముడి పనీ ఆగలేదు.

ఆఫీసు మీటింగులో ఎవరి మాట నెగ్గాలన్న పంతం మొదలైతే ఇది గుర్తుచేసుకోండి. హనుమ తగ్గింది భయపడి కాదు, చేయాల్సిన పని గుర్తుండి. వినయం అంటే అదే.

ఈ వారం రోజూ పడుకునే ముందు ఒక్కసారి ఆలోచించండి: ఇవాళ ఎక్కడ ఆగిపోయాను? ఎక్కడ అనవసరంగా పెరిగాను?

జై హనుమాన్!