మడికి అటూ ఇటూ

తెలుగులో మడి అన్న మాటకు రెండర్థాలు. ఆకుకూర మొలిచే నేల ఒకటి. ఇతరుల స్పర్శ తగలకుండా కాపాడుకునే శుద్ధి మరొకటి. నాచారంలో మా మిద్దెమీద తొట్లలో లెట్యూస్ పెంచడం మొదలుపెట్టినప్పటి నుంచీ ఈ రెండర్థాల మధ్య దూరం ఎంత అన్న ప్రశ్న నన్ను వదలడం లేదు. శుభ్రమైన ఆకు తినాలనుకోవడంలో తప్పేమీ లేదు. కానీ ఆ శుభ్రత నా పిట్టగోడ దగ్గరే ఆగిపోతే దాన్ని ఏమనాలి?

లెట్యూస్ చలికాలపు పంట. ఎండ ముదిరితే మొక్క నిలువుగా సాగి పూతకొస్తుంది. ఆకు చేదెక్కుతుంది. నీడవల కింద, రెండుపూటలా తడుపుతూ, లేతగా ఉన్నప్పుడే కోసుకుంటే ఎండాకాలం మొదట్లో కొన్ని వారాలు దక్కుతుంది. ఆకును చేత్తో తుంచి, కీరా ముక్కలు, పచ్చిమామిడి తురుము, నానిన పెసరపప్పు కలిపి, నిమ్మరసం, ఉప్పు, మిరియాలపొడి చల్లితే చాలు. శ్రీరామనవమి వడపప్పు ఎరిగిన నాలుకకు అది పరాయి రుచేమీ కాదు. పైగా పొయ్యి వెలిగించక్కర్లేదు. విమల 'వంటిల్లు' కవిత చదువుకుని ఎదిగిన మా తరం ఆడవాళ్లకు, ఎండాకాలం మధ్యాహ్నం పొయ్యి ముందు నిలబడకపోవడం చిన్న విషయం కాదు.

అయితే పచ్చి ఆకు తినడానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యాన్నిచ్చేది నీళ్లు. పాలకూరను ఉడికిస్తే క్రిములు చస్తాయి. పచ్చి ఆకుకు ఆ రక్షణ లేదు. ఏ నీటితో పెంచాం, ఏ నీటితో కడిగాం అన్నదే దానికి భద్రత. కాబట్టి సలాడ్ అనేది మంచినీళ్లు అందేవాళ్ల తిండి. ఈ నగరం వందకు పైగా కిలోమీటర్ల దూరం నుంచి కృష్ణ, గోదావరి నీళ్లను ఎత్తి తెచ్చుకుంటోంది. వాడుకున్నాక వాటిని మూసీకి వదిలేస్తోంది.

ఉప్పల్ దాటాక పీర్జాదిగూడ, పర్వతాపూర్ వైపు ఆ నీళ్లతోనే ఆకుకూరలు, పారాగడ్డి, వరి పండుతూ వచ్చాయి. 2000ల తొలి ఏళ్లలో అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ పరిశోధకులు ఈ సాగునూ, దానిమీద బతికే కుటుంబాలనూ అధ్యయనం చేశారు. కలుపు తీయడం, ఆకు కోయడం, కట్టలు కట్టడం, బజారుకు మోయడం ఎక్కువగా ఆడవాళ్ల పనే. ఆ నీళ్లలో నిలబడే కాళ్లూ వాళ్లవే. ఇటు ఉప్పల్ బాగాయత్ పేరులోనే తోట ఉంది. 2019లో అక్కడ హెచ్‌ఎండీఏ ప్లాట్లు వేలం వేసింది. నేలమీద మడి పోయి, మిద్దెమీద మడి వచ్చింది. కానీ నేలమీద సాగు చేసినవాళ్లకు మిద్దెలేవీ?

మా వీధికి ఆకుకూర తెచ్చే పెద్దావిడ ఒకరోజు అన్నది: "మూసీ కూర అని ముక్కు మూసుకుంటరు. ఆ నీళ్లు మేం పుట్టిచ్చినమా బిడ్డా? మీ ఇండ్లకెల్లి వచ్చినయే గదా?" కార్ఖానాల వ్యర్థాల వాటా కూడా కలుపుకుంటే ఆమె మాటకు నా దగ్గర ఎదురు జవాబు లేదు. మురికి చేసినవాళ్లం శుభ్రంగా ఉన్నాం. ఆ మురికిలో పనిచేసి బతికేవాళ్లు అశుభ్రమయ్యారు. ఈ లెక్క మనకు కొత్తది కాదు. కులం వేల ఏళ్లుగా వేస్తున్న లెక్కే ఇది. ఇప్పుడది ఆరోగ్యం పేరుతో మాట్లాడుతోంది, అంతే.

అలాగని ఆమె కూర కొని తినడమే న్యాయమని నేననలేను. ఆకులో చేరిన లోహాలు ఉడికించినా పోవు. నా దయ ఆ కట్టలోని విషాన్ని తగ్గించదు. ఆమె మనవలు కూడా ఆ కూరే తింటున్నారు. నేను కొనడం మానేస్తే బాగుపడేది నా ఒక్క పళ్లెమే. అదీ పూర్తిగా కాదు. సలాడ్‌లో పెరుగు కలిపితే, ఆ పాలిచ్చిన గేదె ఏ నీటి గడ్డి మేసిందో నాకేం తెలుసు? పారాగడ్డి పాలై మన వంటింట్లోకే వస్తుంది. ఒంటరి శుద్ధి నైతికంగా ఎలాంటిదన్నది తర్వాతి మాట. ముందసలు అది సాధ్యమే కాదు.

మిద్దెతోట వద్దని నా వాదన కాదు. అది నాకిచ్చిన ఎరుకను ఎటు తిప్పుతున్నానన్నదే ప్రశ్న. ఒక ఆకు పచ్చిగా తినగలిగేంత శుభ్రంగా పెరగాలంటే ఏం కావాలో ఇప్పుడు నా చేతులకు తెలుసు: మంచి నీళ్లు, విషం లేని మట్టి, కాస్త నీడ, తీరిక. వీటిలో ఏదీ నా ప్రతిభ కాదు, అన్నీ నాకు అందిన వసతులు. వీటినే మూసీ ఒడ్డున పనిచేసే ఆడవాళ్లకూ హక్కుగా అడగడం మొదలుపెడితే తోట రాజకీయమవుతుంది. అడగకపోతే అది మడి కట్టుకోవడమే అవుతుంది.

మిద్దెతోటల వాళ్లం కలిసినప్పుడు వేపపిండి గురించి, వర్మీ కంపోస్టు గురించి గంటలు గంటలు మాట్లాడుకుంటాం. నగరంలో కొత్త మురుగుశుద్ధి కేంద్రాలు వచ్చాయి. మన కాలనీ మురుగు వాటిలో దేనికి చేరుతోంది, చేరకపోతే ఎవరి పొలంలో పారుతోంది అని ఈసారి అడిగాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకావిడ, "కనుక్కుందాం" అంది.