సాంగత్యము – ఆయుర్దాయము

దీర్ఘాయువును కోరనివారరుదు. అది దేనివలన కలుగునని యడిగినచో మనము పథ్యమును, వ్యాయామమును, ఔషధమును పేర్కొందుము. తోడి మనుష్యుని పేర్కొనువారు మిక్కిలి తక్కువ. ఈ మరపు మనకు హాని చేయుచున్నదని మా యభిప్రాయము.

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున రొసెటో అను చిన్న పట్టణము కలదు. ఇటలీనుండి వలసవచ్చి పలకరాతి గనులలో పనిచేసినవారు దానిని నెలకొల్పిరి. 1960 తరువాతి సంవత్సరములలో స్టూవర్టు వుల్ఫు అను వైద్యుడును ఆయన సహచరులును పరిశీలింపగా, అచ్చట గుండెజబ్బు మరణములు పొరుగూరగు బాంగరులోకంటె చాల తక్కువగా నుండెను. ఆ జనులు కొవ్వుతో వండిన పదార్థములు తినుచుండిరి; పొగత్రాగుటయందును పొరుగువారికి తీసిపోరు. అయితే ఒక్క యింట మూడుతరములవారు కలసియుండుటయు, కలవారు తమ కలిమిని చాటుకొనకుండుటయు ఆ యూరి యాచారములు. పిమ్మట యువకులు దూరముగా పెద్దయిండ్లు కట్టుకొనిరి, పాతకూటములు సన్నగిల్లినవి. 1935 మొదలు 1985 వరకు గల మరణముల లెక్కలను సరిచూచిన పరిశోధకులు, తుదకు రెండూళ్లకును భేదము లేకపోయెనని 1992లో ప్రకటించిరి.

ఒక్క యూరి లెక్క చాలదందురేని, కాలిఫోర్నియాలోని అలమీడా కౌంటీలో 1965 మొదలు 6,928 మందిని తొమ్మిదేండ్లు గమనించిన పరిశోధన కలదు. దాని ఫలితములను బర్క్‌మను, సైము అనువారు 1979లో వెల్లడించిరి. దాంపత్యము, బంధుమిత్రులు, సంఘములు మొదలగు సంబంధములు మిక్కిలి కొరవడినవారికి, అవి సమృద్ధిగా గలవారికంటె మరణభయము పురుషులలో 2.3 రెట్లు, స్త్రీలలో 2.8 రెట్లు అధికముగా నుండెను. రోగియే స్నేహితులను గోల్పోవునేమో యని శంకింపవచ్చును. ఆరంభముననున్న ఆరోగ్యమును, పొగత్రాగుట, మద్యపానము మొదలగు నలవాట్లను లెక్కలోనికి తీసికొన్నను ఆ భేదము నిలిచియే యున్నది.

దీనికి కారణమూహింపరానిది కాదు. తోడుగలవాని జ్వరమును అతనికంటె ముందుగా ఇంకొకరు గుర్తింతురు, వేళకు మందిత్తురు. చిరకాలపు ఒంటరితనము నిద్రను చెరచుననియు, రక్తపుపోటును పెంచుననియు వైద్యులు చెప్పుచున్నారు.

ఇది విని, “మా యుమ్మడి కుటుంబములే మేలు, సంస్కర్తలు వానిని చెరచిరి” అని కొందరు సంతసింపవచ్చును. వారినొక్క మాట యడిగెదము. ఇరువదిమందిగల యింట శుభకార్యమునకు ఎదురురాగూడదని మూలగదిలో నుంచబడిన వితంతువునకు ఆ జనసమూహము సాంగత్యమా? అందరికి వడ్డించి, అందరు లేచినపిదప ఒంటరిగా తినెడి కోడలికి ఆ పంక్తి బంధమా? జనము వేరు, సాంగత్యము వేరు. కన్నులెదుటనే యుండి యెవరికిని కనబడనివారి యేకాకితనము అడవిలోని తాపసి యేకాంతముకంటె దుస్సహము.

తెగిన బంధము ప్రాణమునకు దెబ్బయని మన పూర్వులెరుగకపోలేదు. ఎరిగియే దానిని శిక్షగా వాడిరి. వెలివేయుట యనగా నిప్పును నీరును పుట్టకుండ చేయుట. 1881లో రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు వితంతువివాహము జరిపించినపుడు, ఆయనకును మిత్రులకును తగిలినదీ యాయుధమే. కొన్ని కులములవారిని తరతరములుగ ఊరివెలుపల నుంచిన ధర్మమును ఇట్టిదియే. ఊరి యైకమత్యమని మనము మెచ్చుకొన్నదానికి వారి యొంటరితనము మూల్యముగా చెల్లినది.

అట్లని సంస్కారమనగా ఎవరి తలుపు వారు మూసికొనుట కాదు. సంకెలను త్రెంచినవాడు చేయి చాచుట మరువరాదు. నగరములలో విడిగా కాపురముండి, దూరదేశములనున్న కుమారుని మాటను యంత్రములో వినుటకు పగలెల్ల ఎదురుచూచు తల్లిదండ్రులు నేడెందరో కలరు. వారికి స్వేచ్ఛయున్నది; పలుకరించువారు లేరు.

ఇక నాయువు పెరుగునని స్నేహము చేయవచ్చునా? వడ్డికి అప్పిచ్చువాని ప్రేమవంటిదే యాప్రేమయు. మన ఆయువుకొరకు గాక ఎదుటివాని కొరకు చేసినదే స్నేహము. ఆయువు దాని వెంట వచ్చిన వచ్చునుగాక. కావున “నాకెందరు తోడుగలరు?” అనునది గాక, “నేనెవరికి తోడైతిని?” అనునదియే వేయదగిన ప్రశ్న.

గృహస్థులగు చదువరులు నేటిరాత్రి తమ యింట చివర భుజించువారెవరో చూతురుగాక. వారి ప్రక్కన పీటవేసికొని కూర్చుండుటకు శాస్త్రాధారము వెదకనక్కరలేదు.