నిదురించు పక్షిపై గురి



హైదరాబాదు నగరమున, జూబిలీహిల్సు నడుమ, కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ వనము కలదు. 1998వ సంవత్సరమున దానిని జాతీయ వనముగా ప్రకటించిరి. చుట్టును భవనములు, వాహనముల రొద. నడుమ ఇంచుమించు 390 ఎకరముల రాతిగుట్టలు, పొదలు, చెట్లు. సాయంకాలము ఆ గోడవెంట నడచువారికి నెమళ్ల కేకలు వినవచ్చును. ప్రొద్దు గ్రుంకునప్పటికి గువ్వలు జంటలు జంటలుగా వచ్చి కొమ్మలపై వ్రాలును. అచటికి అనతిదూరముననే చలనచిత్ర పరిశ్రమకు నిలయమైన ఫిల్మ్‌నగరు కలదు.

మా తమ్ముడు ఆ ప్రాంతముననే కాపురమున్నాడు. గడచిన వేసవిలో నేనచటికి పోయినపుడు జరిగిన యొక చిన్న సంగతియే ఈ వ్యాసమునకు కారణము. తమ్ముని కుమారునికి పండ్రెండేండ్లు. పుట్టినరోజు పండుగకు ఎవరో వానికి గాలి తుపాకి నొకదానిని బహూకరించిరి. జాతరలలో బుడగలను కాల్చుటకు పెట్టునట్టిదే. చీకటిపడిన పిదప నేను మేడపైకి పోగా, వాడు ఒక చేత టార్చిలైటును తుపాకికి ఆనించి పట్టుకొని, పెరటి వేపకొమ్మపై ముడుచుకొని నిదురించుచున్న గువ్వపై గురి చూచుచుండెను. నేను చేయి పట్టుకొని ఆపితిని.

“పగలైతే ఎగిరిపోతాయి పెద్దనాయనా! రాత్రయితే కదలవు” అని వాడు సంతోషముతో చెప్పెను. తప్పని మందలింపగా వెంటనే మరియొక ప్రశ్న వేసెను: “కన్నప్ప వేటగాడే కదా? ఆయన్ని శివుడు మెచ్చుకున్నాడు కదా?”

1976లో బాపుగారి దర్శకత్వమున కృష్ణంరాజు నటించిన భక్త కన్నప్ప చిత్రమును మా తరము చూచినది. 2025లో వచ్చిన కన్నప్ప చిత్రమును ఈ తరము చూచినది. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున ఆ భక్తుని కథ కలదు. దానిని నేను తరగతిలో ఎన్నియో పర్యాయములు చెప్పితిని. అయినను ఆ రాత్రి నాకు వెంటనే సమాధానము తోచలేదు.

తోచకపోవుటకు వేరొక కారణమును గలదు. ఇంతవరకు ఎవరికిని చెప్పలేదు. నాకును అంతే వయసున్నపుడు, మా ఊరి చింతచెట్టుపై నిదురించు గువ్వనొకదానిని ఉండేలుతో కొట్టితిని. స్నేహితుడు దీపము చూపెను. క్రిందపడిన పక్షిని ఎడమచేతిలోనికి తీసికొనగా ఇంకను వెచ్చగానుండెను. మరునాటి ఉదయమున పూజవేళ అదే ఎడమచేతిలో ఇష్టలింగము నుంచుకొనవలసి వచ్చెను. స్నానము చేసితిని, విభూతి ధరించితిని. కాని ఆ వెచ్చదనము అరచేతిని వీడలేదు. నాకు ధర్మశాస్త్రమును మొదట బోధించినది ఆ అరచేయియే.

ఇక బాలుని ప్రశ్నకు వత్తము. కన్నప్ప చేతిలో విల్లున్నమాట నిజమే. కాని శివుడు మెచ్చినది ఆయన వేటను కాదు. వేట ఆయన పుట్టిన కులమువారి జీవనవృత్తి; ఆకలి తీర్చు పని. లింగమూర్తి కంట నెత్తురు కారగా చూచి సహింపలేక, అమ్ముతో తన కన్నునే పెకలించి సమర్పించెను. అదియే ఆయన భక్తికి పరాకాష్ఠ. అనగా ఇతరుని బాధ చూచి అమ్మును తనవైపునకే త్రిప్పుకొనెను. మేడపై టార్చిలైటు వేయువాడు తన వినోదమునకై అమ్మును ఇతర ప్రాణివైపు త్రిప్పుచున్నాడు. రెంటికిని పోలిక ఎక్కడ?

నిదురించు దానిని చంపుటకు పోలిక వెదకవలెనన్న మహాభారతమున సౌప్తికపర్వమును చూడవలెను. యుద్ధము ముగిసిన రాత్రి అశ్వత్థామ మర్రిచెట్టు క్రింద మేల్కొనియుండగా, ఒక గుడ్లగూబ వచ్చి కొమ్మలపై నిదురించు కాకులను చంపెను. అది చూచి ఆయన శిబిరమున నిదురించువారిని చంప నిశ్చయించెను. నిద్రలోనున్నవారిని చంపుట ధర్మము కాదని కృపాచార్యుడు వారించినను వినలేదు. గుడ్లగూబకు దోషము లేదు. దాని ఆకలి అట్టిది, దాని కన్ను అట్టిది. దానిని గురువుగా స్వీకరించిన మానవునిదే దోషము. ఆ రాత్రి శివుని స్తుతించి ఖడ్గము పొందినను అశ్వత్థామకు ఫలము తప్పలేదు; 3000 సంవత్సరములు ఒంటరిగా తిరుగుమను శాపము తగిలెను. భక్తియను పేరు క్రూరత్వమును కడుగదని శైవులమైన మనము గ్రహింపవలసిన పాఠమిది.

నిద్ర యనగా విశ్వాసము. పగటి పక్షికి రెక్కలున్నవి, చూపున్నది, తప్పించుకొను అవకాశమున్నది. రాత్రి ఆ రక్షణ లన్నిటిని విడిచి, తన్ను చెట్టునకు అప్పగించుకొనును. గాలి తుపాకి చప్పుడు పెద్దగా చేయదు, పొరుగువానికి తెలియదు. సీసపు గుండు తగిలిన పక్షి తరచుగా వెంటనే చావదు. పొదలో పడి కొట్టుకొనును. చీకటిలో దానిని వెదకువాడు లేడు. గువ్వలు సాధారణముగా రెండు గ్రుడ్లు పెట్టును. తల్లియు తండ్రియు వంతులవారీగా పొదుగును. ఇరువురును తమ కంఠకోశమున ఊరు పాలవంటి ద్రవమునే పిల్లల కందించును. కాల్చినవాడు ఒక పక్షినే లెక్కించును. గూటిలెక్క వానికి తెలియదు.

“కోళ్లను కోయు లోకమున గువ్వకొరకు ఇంత విచారమా?” యని కొందరడుగుదురు. మనము మాంసము ముట్టమని గర్వించుట సులభము. కాని ఆకలికై చంపువానికంటె ఆటకై చంపు శాకాహారి ఏవిధముగ నధికుడు? పావురముల రెట్టవలన ఊపిరితిత్తుల వ్యాధి కలుగునను మాటయు సత్యమే. అట్టి యిండ్లవారు కిటికీలకు వల కట్టవచ్చును, గింజలు చల్లుట మానవచ్చును. ఉపాయమున్నచోట హత్య అవసరము కానేరదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము జాతీయ వనములలో వేటను నిషేధించినది. కాని తక్కువ శక్తిగల గాలి తుపాకికి లైసెన్సే అక్కరలేదు. పెరటి వేపకొమ్మకు కావలివాడును ఉండడు. చట్టము చూడలేనిచోట చూడవలసినది మన అంతరంగమే. 12వ శతాబ్దమున కల్యాణమున బసవేశ్వరుడు బోధించిన ధర్మమునకు దయయే పునాది గదా.

తుపాకి పట్టిన బాలుడు చెడిపోయినట్లే యని నేననను. పక్షిశాస్త్రజ్ఞుడు సలీం అలీ బాల్యమున గాలి తుపాకితో ఒక పిచ్చుకను కొట్టెను. దాని కంఠముపై పసుపుపచ్చని మచ్చ చూచి, అది యే పక్షియో తెలిసికొనగోరి బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమునకు కొనిపోయెను. అచట ఆయన జీవితము మలుపు తిరిగెను. 1931-32లో హైదరాబాదు సంస్థానపు పక్షులను పరిశీలించి వ్రాసినది ఆయనయే. శాస్త్రమునకై ఆయన పిదపను పక్షులను సేకరించెను. ఆ సంగతి దాచనక్కరలేదు. కాని పడిన పక్షిని చూచి “ఇది ఎవరు?” అని అడిగిన క్షణముననే వేటగాడు విద్యార్థి యయ్యెను.

ఆ రాత్రి బాలునికి నా చింతచెట్టు కథ చెప్పితిని. మరునాడు తెల్లవారుజామున వానిని జాతీయ వనమునకు కొనిపోయితిని. ఒక గువ్వ కొమ్మపై రెక్కలు విదుల్చుకొని మేల్కొనుచుండెను. వాడు చాలసేపు చూచి, “నిన్నటిదీ ఇట్లాగే లేచి ఉంటుంది కదా పెద్దనాయనా?” అనెను. తుపాకి ఏమయ్యెనో నేనడుగలేదు. ఆ ప్రశ్నయే నాకు చాలును.

తల్లిదండ్రులారా! పిల్లల చేతికి బహుమానము నిచ్చునపుడు ఆ చేయి రేపు ఇష్టలింగమును ధరింపవలసినదని తలచుడు.