నచికేతుడు చూసిన ఆవులు

కఠోపనిషత్తు ఒక పిల్లవాడి చూపుతో మొదలవుతుంది. తండ్రి యాగం చేసి గోదానం ఇస్తున్నాడు. లెక్కకు అన్నీ ఆవులే. నచికేతుడు మాత్రం వాటిని పరికించి చూశాడు. ఇక గడ్డి మేయలేనివి, పాలు ఇవ్వలేనివి, ఈనే వయసు దాటినవి. ఆ క్షణంలో అతనిలో శ్రద్ధ ప్రవేశించిందని ఉపనిషత్తు చెబుతుంది. శ్రద్ధ అనే మాటను మనం పూజకూ వాడతాం, పనికీ వాడతాం. రెండు చోట్లా అర్థం ఒకటే అనిపిస్తుంది: చేయి దాటిపోయే ముందు, ఉన్నదాన్ని ఉన్నట్టు చూడటం.

ఆత్మకూరులో ఓ కుర్రాడు, ట్యాంకు నిండగానే మోటారు ఆపే సర్క్యూట్ బోర్డును ఇంట్లోనే తయారు చేసుకుంటున్నాడనుకుందాం. కైక్యాడ్‌లో గీసిన బొమ్మను గ్లేజు కాగితం మీద లేజర్ ప్రింటు తీసి, ఇస్త్రీపెట్టెతో రాగి పలక మీదికి దించాలి. ఆపైన ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచాలి. నల్లటి అచ్చు కప్పని చోటల్లా రాగి కరిగిపోతుంది. కరిగింది తిరిగి రాదు.

అందుకే ముంచే ముందు ఒక పని ఉంది. అదే బొమ్మను మామూలు కాగితం మీద నూరు శాతం సైజులో ప్రింటు తీయాలి. కాగితాన్ని థర్మాకోల్ ముక్క మీద పరిచి, కొన్న విడిభాగాలను ఒక్కొక్కటిగా గుచ్చి చూడాలి. కాళ్లు దిగాల్సిన ఆ గుర్తులను ఫుట్‌ప్రింట్ అంటారు. అంటే పాదముద్రే. ఇలా కాళ్లు గుచ్చే ఐసీలో కాలికీ కాలికీ మధ్య దూరం అంగుళంలో పదో వంతు, 2.54 మిల్లీమీటర్లు. 2.5 అనుకుని గీస్తే మొదటి నాలుగు కాళ్ల దాకా ఏ తేడా తెలియదు. 40 కాళ్ల ఐసీలో వరుసకు ఇరవై కాళ్లు. చివరి కాలు దగ్గరికి వచ్చేసరికి ముప్పావు మిల్లీమీటరు పక్కకు జరిగి ఉంటుంది. వేసే రంధ్రమే 0.8 మిల్లీమీటర్లు! ఇక ప్రింటరు బొమ్మను పేజీకి సరిపడేలా కాస్త కుదించిందంటే చెప్పనే అక్కర్లేదు.

అంగుళం దగ్గర శిల్పులు ఇంతకన్నా జాగ్రత్తగా ఉండేవారు. శిల్పశాస్త్రంలో అంగుళాలు మూడు రకాలు. ధాన్యపు గింజల కొలతతో వచ్చేది మానాంగుళం, మనిషి వేలిని బట్టి వచ్చేది మాత్రాంగుళం, విగ్రహం ఎత్తును భాగించగా వచ్చేది దేహాంగుళం. ఏ అంగుళమో తేల్చుకోకుండా ఉలి పట్టుకోకూడదు.

ఉదయగిరి బాలకృష్ణుడి కథ ఇక్కడ గుర్తుకొస్తుంది. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల చేతిలో ఉన్న ఉదయగిరి దుర్గాన్ని నెలల తరబడి ముట్టడించి 1514లో గెలిచారు. అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరానికి, అంటే నేటి హంపీకి, తీసుకెళ్లి ఆ స్వామి కోసమే కట్టించిన గుడిలో 1515లో ప్రతిష్ఠించారు. అంటే విగ్రహం ముందే ఉంది, గుడి తర్వాత వచ్చింది. స్వామిని కొలిచి పీఠం చెక్కాలి తప్ప, పీఠానికి తగ్గట్టు స్వామిని చెక్కడం కుదరదు. ప్రతిష్ఠలో విగ్రహానికీ పీఠానికీ మధ్య లక్క, గుగ్గిలం, మైనం వంటివి దంచి కలిపిన అష్టబంధనం పెడతారు. అది సందును పూడుస్తుంది, పట్టి ఉంచుతుంది. తప్పు కొలతను సరిచేయదు. బోర్డు మీద కాళ్లను అతికించే సోల్డర్‌కూ అంతకు మించిన శక్తి లేదు. హంపీలో ఆ గర్భగుడి ఇప్పుడు ఖాళీ. విగ్రహం చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది.

ఉదయగిరిలో ఈ చూపు ఇంకా బతికే ఉంది. కొండ కర్రతో చెంచాలు, దువ్వెనలు చెక్కే కుటుంబాలు అక్కడున్నాయి. ఉలి ఒకసారి లోతుగా దిగితే ఆ చెంచా పోయినట్టే. వాళ్లు కర్రను తిప్పి తిప్పి చూశాకే చెక్కుతారు.

మళ్లీ బోర్డు దగ్గరికి వస్తే, గుచ్చి చూసే కాగితానికి కూడా దొరకని తప్పు ఒకటుంది. ట్రాన్సిస్టర్‌కు మూడే కాళ్లు. చదునైన ముఖం మనవైపు పెట్టుకుంటే బీసీ547లో ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. 2ఎన్2222 పేరుతో అమ్మే ప్లాస్టిక్ రకాల్లో కంపెనీని బట్టి ఈ వరుస తిరగబడుతుంది. రెండూ ఒకే ఆకారం. రెండూ కాగితంలో చక్కగా దిగుతాయి. యాగశాలలో నిలబెట్టిన ఆవుల్లాగే, లెక్కకు ఏ లోటూ లేదు.

ఆత్మకూరు కుర్రాడు అక్కడ ఆగాడనుకుందాం. డేటాషీట్ తెరిచాడు. ట్రాన్సిస్టర్‌ను మల్టీమీటర్ సాకెట్‌లో ఒకసారి ఇటు, ఒకసారి అటు పెట్టి అంకె ఎటు పెద్దగా వస్తోందో చూశాడు. థర్మాకోల్ మీది కాగితంపై, ఆ మూడు చుక్కల పక్కన పెన్సిల్‌తో సి, బి, ఇ అని రాసుకున్నాడు. రాగి పలక ఇంకా కవరులోనే ఉంది.