గండము గడచిన పిమ్మట

శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల పల్లెలలో చుట్టను మండెడు కొస నోటిలో నుంచుకొని కాల్చు అలవాటు కలదు. దానినే అడ్డచుట్ట అందురు. ఇది స్త్రీలలోనే మెండు. ఆ వేడికి, పొగకు అంగిలి చెడి క్యాన్సరు పుట్టవచ్చును. ఆపరేషను జరిగి, జనులు కరెంటు పెట్టుట అనెడి రేడియేషను ముగిసి ఆమె ఇల్లు చేరగానే, గండము గడచినదని సంతోషించి మన పనులకు పోవుదుము. గడచిన గండమును ఎరిగిన మనము, ఆమె గడుపవలసిన దినములను ఎరుగుదుమా?

అంగిలి కొంత తీసివేసినచో నోటికిని ముక్కునకును నడుమ సందు ఏర్పడును. త్రాగిన గంజి ముక్కులోనుండి వచ్చును. మాట ముక్కుతో పలుకును. దంతవైద్యులు చేసియిచ్చు మూత ఆ సందును కప్పి చాల మేలు చేయును గాని, దానిని ప్రతిదినము తీసి కడుగవలెను. రేడియేషనువలన నోట తడి తగ్గును. ఉమ్మియనగా మనకెంత చులకన! అది లేనివారికి ముద్ద గొంతు దిగదు. రుచులు మారిపోవును. దవడ బిగిసి రెండు వ్రేళ్లు పట్టునంతైనను నోరు తెరువలేనివారు కలరు.

చూడవచ్చినవారు గడప దాటకమునుపే, ఇట్లు బ్రదుకుటకంటె పోవుటే మేలని గొణుగుకొందురు. సోదరులారా, ఆ తీర్పు చెప్పుటకు మనకు అధికారము లేదు. 1993లో అమెరికాలో సియాటిల్ నగరమందలి వాషింగ్టన్ విశ్వవిద్యాలయ వైద్యులు ఇట్టి రోగులకొరకు ఒక ప్రశ్నపత్రము ప్రకటించిరి. నొప్పి, రూపము, నమలుట, మ్రింగుట, మాట, పని, వినోదము మొదలైనవి అందున్నవి. తరువాతి కూర్పులలో రుచి, లాలాజలము, మనోవ్యథ కూడ చేర్చబడెను. జవాబు చెప్పవలసినది రోగియే. నేను మెచ్చుకొనునది అదియే.

మనము అడుగము. మాట స్పష్టముగా రానివారితో, వారికి చెవుడైనట్లు కేకలు మాత్రము వేయుదుము!

సంఘపు విందులో అందరును పావుగంటలో లేచిపోవుదురు. ఆమెకు అదే అన్నము గంట పట్టును. ముద్దముద్దకు నీళ్లు కావలెను, మూతి తుడుచుకొనవలెను. పదిమంది చూచుచుండగా ఆమె సగము తిని ఆకు మడచును. మరుసటి విందునకు రానే రాదు. ఆమెకు ఆకలి లేదని మనమనుకొందుము.

మెత్తగా పిసికిన మజ్జిగన్నము, కారము లేని పప్పుకట్టు వేరుగా తీసియుంచుట వంటవారికి భారము కాదు. పెద్దలు లేచువరకు పంక్తి లేవరాదను మర్యాద మన ఊళ్లలో పాతదే. ఆమె ప్రక్కన కూర్చున్నవారు మరికొంచెము మజ్జిగ పోయించుకొని మెల్లగా త్రాగవచ్చును. అంతసేపు చెప్పుకొనుటకు ఊరి సంగతులకు కొదువ లేదు.